పట్టీ చప్పుడు

వారం రోజులుగా ఆవిరి గదిలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. ఇన్‌ఛార్జికి నిద్ర పట్టకపోవడానికి అదే కారణం.

ఆస్పత్రి వెనక వైపున్న గది అది. ఆపరేషన్లకు కావలసిన గౌన్లు, తువ్వాళ్ళు, గాజుగుడ్డ అక్కడే మడతపెట్టి, గుండ్రటి స్టీలు డ్రమ్ముల్లో సర్ది, ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరి పట్టించి పైకి పంపుతారు. డ్రమ్ము చుట్టూ కన్నాలుంటాయి. కన్నాల మీద అటూ ఇటూ జరిగే పట్టీ ఉంటుంది. లోపల పెట్టేముందు పట్టీ జరిపి కన్నాలు తెరవాలి. తెరవకపోతే ఆవిరి గుడ్డలదాకా పోదు. బయటికి తీసిన వెంటనే, వేడి మీదే, పట్టీ మూయాలి. మూయకపోతే లోపలికి దుమ్ము చేరుతుంది. ఇంతే పని. తెరవడం, మూయడం.

తెరవడం మర్చిపోయినా చూసేవాళ్ళకు తెలీదు. డ్రమ్ము వేడిగానే ఉంటుంది. మూత మీద అంటించిన టేపు చారలు ఆవిరి వేడికి నల్లబడే ఉంటాయి. లోపల గుడ్డల మధ్య పెట్టే పరీక్ష కాగితాలు అయిపోయి చాలాకాలమైంది. అడిగినప్పుడల్లా స్టోర్సువాళ్ళు వస్తున్నాయంటారు. అందుకని తెలిసేది ఒక్కరికే. వేడి డ్రమ్ము పట్టుకుని పట్టీ మూయబోయిన చేతికి అది మూసే ఉందని తెలుస్తుంది. ఆ చెయ్యిగల మనిషి నోరు విప్పితే అందరికీ తెలుస్తుంది. విప్పకపోతే ఆ గుడ్డలు ఎవరి కడుపులోకో వెళ్తాయి.

చిన్నది నోరు విప్పింది. మనిషి పొట్టిగా ఉంటుందని అందరూ చిన్నది అంటారు గానీ, ఇద్దరు పిల్లల తల్లి. పోయిన వారం డ్రమ్ములు పైకి వెళ్ళిపోయాక ఆమెకి గుర్తొచ్చింది, ఒకదానికి పట్టీ తెరవలేదని. ఆ రోజు డ్రమ్ములు దించింది కొత్తగా వచ్చిన రోజుకూలీ. వాడికి తేడా తెలీదు. చిన్నది చెప్పులు వేసుకోకుండా మెట్లెక్కి వెళ్ళి థియేటర్ తలుపు దగ్గర ఆ డ్రమ్ముని ఆపించింది. ఆపరేషన్ గంట ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు.

సూపరింటెండెంటు స్వయంగా కిందికొచ్చాడు. కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. అందరి ముందూ ఇన్‌ఛార్జి వైపు తిరిగి, ఈమెని ఇక్కడ ఉంచుదామా అని అడిగాడు. ఉంచుదాం అనడానికి అందులో అడ్డేమీ లేదు.

"మీ ఇష్టం సార్," అన్నాడు ఇన్‌ఛార్జి.

అప్పటినుంచి చిన్నది పై అంతస్తు వరండా తుడుస్తోంది. మిగిలినవాళ్ళు ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది. ఆ రోజునుంచి గదిలో ఒకే మాట వినబడుతోంది.

"సరిగానే ఉందా?"

"సరిగానే ఉంది సార్."

ఈ సార్ కూడా కొత్తే. మూణ్ణెల్ల కిందటిదాకా అతనూ వాళ్ళతోపాటు ఆటోక్లేవ్ తలుపు చక్రం తిప్పినవాడే. డ్రమ్ములు దించే పొడుగాయన అతన్ని అన్నా అని పిలిచేవాడు. గుడ్డలు సర్దే ఆవిడని గదంతా వదినా అంటుంది. ఆవిడ అతన్ని మరిదీ అని పిలిచి, చక్రం తిప్పడానికి అంత ఆపసోపాలు పడితే ఇంట్లో బిందె ఎవరు ఎత్తుతారని వేళాకోళం చేసేది. ఇప్పుడు ఇద్దరూ సార్ అంటున్నారు. వేళాకోళం లేదు. అతను గదిలోకి రాగానే మాటలు ఆగిపోతాయి. చేతులు మాత్రం ఇంకాస్త జోరుగా కదులుతాయి.

అతను వాళ్ళ వెనకే నిలబడేవాడు. వదిన సర్దిన డ్రమ్ము మూత తీసి మళ్ళీ చూసేవాడు. పొడుగాయన పెట్టిన వరసని మళ్ళీ తడిమేవాడు. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోయేకొద్దీ భయం పెరిగేది. తను చక్రం తిప్పిన రోజుల్లో వారానికి ఒకటైనా మూసిన డ్రమ్ము బయటపడేది. ఎవరో ఒకరు, ఇది పచ్చిది, అనేవాళ్ళు. పక్కన పెట్టి మళ్ళీ ఆవిరి పట్టించేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటీ లేదు. మనుషులు మారలేదు, చేతులు మారలేదు. అయితే ఆ పచ్చివి ఏమవుతున్నాయి?

*

క్వార్టర్సులోకి మారి నెల కాలేదు. రెండు గదులు, వెనక కొళాయి. భార్య కిటికీలకి కర్టెన్లు కుట్టింది, పాత చీరలు చింపి. ఇన్‌ఛార్జి పోస్టు ఇంకా తాత్కాలికమే. ఖాయమయ్యేదాకా మేకులు కొట్టొద్దని అతను చెప్పాడు. ఆమె వినలేదు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర అతను ఒక్కో ముద్దకి మధ్య ఆగిపోతున్నాడు. కూతురు రెండుసార్లు వాళ్ళమ్మ వైపు చూసింది. గోడకి అద్దం ఉన్నచోట ఖాళీ మేకు కనబడింది. అద్దం ఏదని అడిగాడు. మరకలు పోవడానికి తుడిచి ఆరబెట్టానంది భార్య. అద్దాన్ని ఎవరు ఆరబెడతారు? కూతురు కంచంలోంచి తల ఎత్తలేదు.

అతను గట్టిగా అడగలేదు. పగిలిందని తెలుస్తూనే ఉంది. తనకి చెప్పకూడదని తల్లీ కూతుళ్ళు ఎప్పుడు మాట్లాడుకున్నారో, అది తెలీలేదు.

"నాకు చెప్తే ఏమవుతుంది?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"ఏమీ కాదు," అంది భార్య. "నువ్వు ఏమీ అనవు. ఒక గంటసేపు ఏమీ అనకుండా కూర్చుంటావు. అది మేం చూడాలి. దానికంటే నాలుగు తిడితే నయం."

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కొళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు కడిగాడు. ఆ నీళ్ళ చప్పుడులోనే ఆలోచన వచ్చింది. చెడ్డ ఆలోచనలు చాలావరకు తెలివైనవిగానే కనబడతాయి. ఇదీ అలాగే కనబడింది.

*

మర్నాడు వదిన టీ తాగడానికి బయటికి వెళ్ళింది. పొడుగాయన ఆటోక్లేవ్ వెనక నీటిమట్టం చూస్తున్నాడు. బల్ల మీద సర్దిన డ్రమ్ములు, పట్టీలన్నీ తెరిచి, ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇన్‌ఛార్జి వెనక వరసలో ఒక డ్రమ్ముకి పట్టీ మూసేశాడు. చప్పుడు రాకుండా బొటనవేలు అడ్డం పెట్టి మూశాడు. పిడి కింద తెల్లదారం ముక్క ఒకటి ముడివేశాడు. డ్రమ్ములన్నీ ఒక్కలాగే ఉంటాయి. తర్వాత దాన్ని తనే పట్టుకోవాలి. పట్టుకుని పక్కన పెట్టేస్తాడు. అది పైకి వెళ్ళే ప్రశ్నే లేదు. ఎవరు చెప్తారో, ఎవరు చెప్పరో మాత్రం తేలిపోతుంది.

పొడుగాయన వచ్చి డ్రమ్ములు ఎక్కించాడు. చక్రం బిగించాడు. ఆవిరి ఎక్కుతుంటే పైపులు ఎప్పటిలాగే దగ్గాయి. వదిన తిరిగొచ్చి తర్వాతి విడతకి తువ్వాళ్ళు మడతపెడుతోంది. అంచుకి అంచు కలిపి, అరచేత్తో ఒకసారి రాసి, పక్కన పెట్టి, మళ్ళీ ఇంకొకటి. ఇన్‌ఛార్జి బల్ల దగ్గర కూర్చుని ప్రెషర్ ముల్లు వైపు చూస్తున్నట్టు నటించాడు.  

ఆవిరి వదిలి, తలుపు తీసి, వేడి కాస్త తగ్గాక పొడుగాయన మందపాటి చేతి తొడుగులు వేసుకున్నాడు. ఇన్‌ఛార్జి అటు వీపు పెట్టి నిలబడ్డాడు. చూడక్కర్లేదు. వింటే చాలు. డ్రమ్ము దించి పట్టీ మూస్తే టక్‌మంటుంది. దించడం, టక్. దించడం, టక్. ఏళ్ళ తరబడి విన్న లయ అది. వెనక వరస దాకా వచ్చాడు. దించడం.

చప్పుడు రాలేదు.

 ఒక్క క్షణం గదిలో మడతల చప్పుడు కూడా ఆగింది. తర్వాత, దించడం, టక్. దించడం, టక్. అయిపోయింది.

వెనక్కి తిరిగాడు. పొడుగాయన తొడుగులు తీసి మేకుకి తగిలిస్తున్నాడు. మొహం ఎప్పటిలాగే ఉంది.

"సరిగానే ఉందా?"

"సరిగానే ఉంది సార్."

పట్టుకున్నాను అనుకున్నాడు ఇన్‌ఛార్జి.  పట్టుకున్నది ఏమిటి? ఈ మనిషి పచ్చి డ్రమ్ముని చేత్తో పట్టుకుని కూడా పైకి పంపిస్తాడని. రోజూ పంపిస్తున్నాడని. అంటే వారం రోజులుగా, పైన, ఆ బల్ల మీద...

సరిగ్గా అప్పుడే ఆఫీసునుంచి గుమాస్తా వచ్చాడు. క్వార్టర్సు కరెంటు మీటరుకి సంతకం కావాలట, ఇప్పుడే రావాలట. ఇన్‌ఛార్జి డ్రమ్ముల వైపు చూశాడు. అవి ఇంకా పొగలు కక్కుతున్నాయి. చల్లారేదాకా ట్రాలీ రాదు. వెళ్ళి వచ్చేయొచ్చు.

గుమాస్తాకి కలం దొరకలేదు. దొరికాక సిరా రాలేదు. ఇన్‌ఛార్జి తిరిగొచ్చేసరికి అరలు సగం ఖాళీగా ఉన్నాయి. థియేటర్‌లో అర్జంటు కేసు వచ్చిందని ట్రాలీ అతను ముందే వచ్చి పట్టుకుపోయాడు.

ఉన్న ప్రతి డ్రమ్ము పిడి కిందా చెయ్యి పెట్టి చూశాడు. వేళ్ళు కాలుతున్నా చూశాడు. దారం లేదు. మళ్ళీ మొదటినుంచి చూశాడు.

వదిన మడతపెడుతూనే ఉంది. పొడుగాయన నేల మీద నీళ్ళు తుడుస్తున్నాడు. ఇద్దరూ అతని వైపు చూడలేదు.

"పైకి ఏవి వెళ్ళాయి?"

"ముందు పెట్టినవి," అన్నాడు పొడుగాయన. ఇంకేదో అడుగుతాడేమోనన్నట్టు కాస్త ఆగాడు.

ఇన్‌ఛార్జి అడగలేదు. దారం సంగతి అడిగితే తన సంగతి బయటపడుతుంది. అడక్కుండానే బయటికి నడిచాడు. వరండా మలుపు దాటాక పరిగెత్తాడు.

*

మెట్ల మీద అతనికి రకరకాల మాటలు తట్టాయి. లెక్క తప్పిందని చెప్పి డ్రమ్ములు ఒకసారి చూస్తానని అడగొచ్చు. మూత వదులుగా ఉందనొచ్చు. థియేటర్ తలుపు దగ్గర ట్రాలీ నిలబడి ఉంది. దాని మీద మిగిలిన డ్రమ్ముల పిడుల కింద వేళ్ళు పెట్టి చూశాడు. ట్రాలీ అతను, ఏం సార్, బంగారమేమైనా దాచారా అని నవ్వాడు. దారం లేదు. మిగతావి లోపలికి వెళ్ళిపోయాయన్నాడు.

తలుపు పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఆడమనిషి చెప్పులు. చేతిలో కళ్ళజోడు డబ్బా. లోపలున్నది ఆయన భార్య.

ఇన్‌ఛార్జి తలుపు తట్టాడు. థియేటర్ సిస్టర్ మాస్కు కిందికి లాగి తొంగి చూసింది. ఇన్‌ఛార్జి చెప్పాలనుకున్నవాటిలో ఏదీ చెప్పలేకపోయాడు. ఒక డ్రమ్ములో గుడ్డలు పచ్చివి అని మాత్రం అన్నాడు.

"ఏ డ్రమ్ము?"

"తెలీదు. అన్నీ ఆపాలి."

"పేషెంటుకి మత్తిచ్చేశాం. ఎవరు మర్చిపోయారు తెరవడం?"

మావాళ్ళలో ఎవరో. ఆ మాట నాలుక మీదకి వచ్చేసింది. అది ఎంత సులువుగా వచ్చిందో చూసి అతనికే భయం వేసింది. పక్కకి చూస్తే వరండా చివర కనబడుతోంది. అక్కడ చిన్నది కర్ర పట్టుకుని నేల తుడుస్తోంది. తుడవడం ఆపి ఇటే చూస్తోంది.

"ఎవరూ మర్చిపోలేదు," అన్నాడు. "నేనే మూశాను."

"మూశారా? ఎందుకు?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

 సిస్టర్ జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి ఏదో చెప్పింది. లోపల గిన్నె ఒకటి గట్టిగా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తెరిచినవీ తెరవనివీ డ్రమ్ములన్నీ బయటికొచ్చాయి. పక్క థియేటర్‌నుంచి గుడ్డలు తెప్పించేదాకా కత్తి పెట్టకూడదన్నారు. మత్తులో ఉన్న మనిషిని అలాగే పడుకోబెట్టారు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. కవరు గుండెకి ఆనించుకున్నాడు.

"ఏమైనా అయిందా బాబూ?"

"ఏమీ కాలేదండీ. కాస్త ఆలస్యం."

పెద్దాయన అతని మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. అడిగి ఉంటే తట్టుకోవడం తేలికయ్యేది. ఇన్‌ఛార్జి పక్క థియేటర్ గుడ్డలు వచ్చేదాకా అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఆపరేషన్ దీపం మళ్ళీ వెలిగాక, వెనక్కి వచ్చిన డ్రమ్ములతో ట్రాలీని తనే ర్యాంపు మీద తోసుకుంటూ కిందికి దిగాడు.

*

గదిలోకి రాగానే డ్రమ్ములన్నీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే వెతికాడు. ఏ పిడికీ దారం లేదు. మళ్ళీ వెతికాడు. ఊడి పడిపోయిందేమోనని ట్రాలీ కింద కూడా చూశాడు.

వదిన చేతిలో తువ్వాలు మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. వంగి, బల్ల కింద ముతక గుడ్డల గుట్ట జరిపి, డ్రమ్ము ఒకటి బయటికి తీసింది. పిడి కింద తెల్లదారం వేలాడుతోంది. బల్ల మీద అతని ముందు పెట్టింది.

 పైన ఆగిపోయిన ఆపరేషన్, బెంచీ మీది పెద్దాయన, మత్తులో పడుకున్న ఆవిడ, అంతా ఏమీ లేనిదానికి.

"పట్టుకోగానే తెలిసింది," అన్నాడు పొడుగాయన, నేల వైపు చూస్తూ. "దారం చూశాక మీదేనని కూడా తెలిసింది. మీరు ఆఫీసుకి వెళ్ళగానే కింద పెట్టాను."

"మరి సరిగానే ఉందన్నావు?"

"ఈ వారంలో పచ్చివి ఇంకా వచ్చాయి సార్. వచ్చినవి వచ్చినట్టే పక్కన పెట్టి, మళ్ళీ ఆవిరికి పెట్టి పంపుతున్నాం. ఒక్కటీ పైకి పోలేదు. మీకు చెప్పలేదు, అంతే."

ఇన్‌ఛార్జి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తను భయపడ్డది జరగనేలేదు. గది బాగానే పనిచేస్తోంది. అతను ఒక్కడే దానికి బయట ఉన్నాడు.

"నేను పైకి వెళ్తుంటే ఆపొచ్చు కదా?"

"అడుగుతారనుకున్నాం," అంది వదిన. ఆవిడ గొంతులో కోపం లేదు. తువ్వాలు దులిపి మళ్ళీ అంచులు కలుపుతోంది. "ఏవి వెళ్ళాయని అడిగారు కదా. ఇంకొక్క ముక్క అడుగుతారనుకున్నాం. ఫలానా డ్రమ్ము చూశారా అని. అడిగితే తీసి ఇచ్చేవాళ్ళం. మమ్మల్ని అడగడం కంటే మెట్లెక్కి పరిగెత్తడమే మీకు తేలికైంది."

అతను దారం విప్పబోయాడు. ముడి బిగుసుకుపోయింది. వేళ్ళు కాలి ఉన్నాయి, పట్టు చిక్కలేదు. వాళ్ళిద్దరూ చూస్తూ ఊరుకున్నారు. చివరికి వదిన కత్తెర తీసి కత్తిరించింది.

సాయంత్రం ట్రాలీ అతను ఖాళీ డ్రమ్ములు తెచ్చి పైన జరిగినదంతా చెప్పాడు. సార్ తన పేరే చెప్పుకున్నారని, సిస్టర్ నమ్మలేక రెండోసారి అడిగిందని. వదిన మడత ఆపలేదు గానీ, ఒకసారి ఇన్‌ఛార్జి వైపు చూసింది. ఎవరో మర్చిపోయారని చెప్తే సరిపోయేది కదా అంది.

"అదే వచ్చింది ముందు, నోట్లోకి," అన్నాడు.

వదిన తల ఊపింది. ఆ మాట నమ్మినట్టే కనబడింది. వారం రోజుల్లో అతను చెప్పినవాటిలో ఆవిడ నమ్మింది అదొక్కటే.

*

సూపరింటెండెంటు మర్నాడు ఉదయం పిలిచాడు. కుర్చీ చూపించాడు. సిస్టర్ ఏదో తికమకగా చెప్పిందని, పరీక్షా గిరీక్షా అని ఏదో అందని, అలాంటివి కాగితం మీద బాగుండవని అన్నాడు. ఆ డ్రమ్ము సర్దింది ఎవరని అడిగాడు. వదిన అని తెలుసుకుని, ఆవిడ పెద్దదైపోయింది, మర్చిపోయి ఉంటుంది, అన్నాడు. పాపం అని కూడా అన్నాడు. ఆవిడని కూడా వరండాకి పంపిస్తే ఒక పని అయిపోతుంది, ఇన్‌ఛార్జి పోస్టుకి తాత్కాలికం అన్న మాట ఈ నెలలోనే తీసేయొచ్చన్నాడు. ఇన్‌ఛార్జిని మార్చడం ఆయనకి తలనొప్పి.

ఇన్‌ఛార్జికి కర్టెన్లు గుర్తొచ్చాయి. కొళాయి గుర్తొచ్చింది. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. సూపరింటెండెంటు ఓపిగ్గా చూస్తున్నాడు. పోయిన వారం కూడా ఇలాగే, ఇదే ఓపికతో చూశాడు.

"ఆవిడ తెరిచింది సార్. నేను మూశాను."

"ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకునే చెప్తున్నాను."

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం తను చెయ్యనన్నాడు. డ్రమ్ము సంగతిలో చిన్నదాన్ని ఎక్కడికి పంపారో ఇతన్నీ అక్కడికే పంపాలి. తన న్యాయం తనకే నచ్చినట్టు తల పంకించాడు.

ఇన్‌ఛార్జి వెంటనే లేవలేదు. అయితే గదిలో ఒక మనిషి తక్కువవుతుందన్నాడు. కొత్తవాళ్ళని పెడితే నేర్చుకునేసరికి నెలలు పడుతుంది. పని వచ్చిన మనిషి ఒకరు వరండాలోనే ఉన్నారు. నా చోటు ఆమెకి, ఆమె చోటు నాకు. మీకు మనుషుల లెక్క కూడా సరిపోతుంది.

సూపరింటెండెంటుకి లెక్క సరిపోవడం నచ్చింది. సరే అన్నాడు.

చిన్నదానికి ఆ మాట చెప్పడానికి అతనే వెళ్ళాడు. పై వరండాలో కిటికీ కింద తుడుస్తోంది. వెనక్కి వెనక్కి నడుస్తూ, కర్రని ఒకే కొలతలో అటూ ఇటూ ఆడిస్తూ తుడుస్తోంది. ఈ పని కూడా శ్రద్ధగానే చేస్తోంది. రేపటినుంచి గదిలోకి రమ్మన్నాడు. ఆ రోజు తను ఉంచుదాం అనాల్సిందన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు.

చిన్నది కర్ర ఆపలేదు.

"కాలు తియ్యండి," అంది. "తడి."

అతను పక్కకి జరిగాడు. ఆమె అతను నిలబడ్డచోటు కూడా తుడిచి, బకెట్ తీసుకుని ముందుకి వెళ్ళిపోయింది.

*

క్వార్టర్సు ఖాళీ చెయ్యడానికి నెలాఖరు దాకా గడువిచ్చారు. భార్య ఆ సాయంత్రమే కర్టెన్లు విప్పింది. ఏమీ అనలేదు. మేకులు పీకుతుంటే గోడ పెచ్చులూడింది. దాని మీద మాత్రం రెండు మాటలంది, గోడని. అతను కుర్చీ ఎక్కి మిగిలిన మేకులు తను పీకాడు. కూతురు కింద నిలబడి ఒక్కొక్కటీ అందుకుంటోంది.

"అద్దం నేనే పగలగొట్టాను నాన్నా," అంది ఉన్నట్టుండి.

అతను పైనుంచి చూశాడు. పిల్ల మేకుల్ని పిడికిట్లో బిగించి అతని మొహమే చూస్తోంది. ఆ చూపు అతనికి ఇప్పుడు అర్థమైంది. మొహం ఎలా పెట్టాలో తెలీలేదు.

"కాలికేం గుచ్చుకోలేదు కదా?"

"లేదు."

"సరే. పట్టకారు ఇలా ఇవ్వు."

*

వరండా తుడవడం అనుకున్నంత తేలిక కాదు. మొదటి రోజు నడుము పట్టేసింది. జనం తడి మీదనుంచే నడిచారు. రెండో రోజు కింది అంతస్తు వేశారు, ఆవిరి గది ముందు. కావాలనే వేశారో, ఊరికే వేశారో తెలీదు. లోపల ఇప్పుడు పొడుగాయన ఇన్‌ఛార్జి. తాత్కాలికం.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలినుంచి ఆవిరి వదిలిన చప్పుడు, తర్వాత చక్రం తిరిగిన చప్పుడు వినబడ్డాయి. చిన్నది గొంతు, వదిన గొంతు. ఏదో అని నవ్వుకున్నారు. అతను కర్ర పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

దించడం, టక్. దించడం, టక్. అతని చేతులు ఆ లయకే కదలసాగాయి. అటు, టక్. ఇటు, టక్.

చప్పుడు రాలేదు.

కర్ర ఆగిపోయింది. తనకి సంబంధం లేదు.  వెళ్ళిపోదామనుకున్నాడు, అయినా అక్కడే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఇది మూసే ఉంది," అంది, పట్టీలు మూస్తున్న చిన్నది గొంతు.

"నాదే అది," అంది వదిన గొంతు. "తెరవడం మర్చిపోయాను."

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. పొడుగాయన కూడా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలుసు. అందులోనే తను ఒకప్పుడు, మీ ఇష్టం సార్, అన్నాడు.

తలుపు తెరుచుకుంది. పొడుగాయన బయటికొచ్చి తడి అంచున ఆగాడు. చేతికి ఇంకా తొడుగులున్నాయి. మొహం పాలిపోయి ఉంది.

"అన్నా, పచ్చిది ఒకటి వచ్చింది. పైకి చెప్పాలా? చెప్తే ఆవిడని..." అని ఆపేశాడు. "ఏం చెయ్యమంటావు?"

మూణ్ణెల్ల తర్వాత విన్నాడు ఆ పిలుపు. దాని గురించి ఆలోచించుకోవడానికి ఇప్పుడు తీరిక లేదు.

"ఆవిడతో ఏమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు. ముందు నిన్ను అడుగుదామని..."

"నన్ను తర్వాత అడుగుదువు గాని. ఆవిడ అక్కడ నిలబడి తలుపు వైపు చూస్తూ ఉంటుంది. ముందు లోపలికి వెళ్ళు."

పొడుగాయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత గబగబా వెళ్ళబోయి తడి మీద అడుగు వేశాడు. మరక పడింది. వెనక్కి చూసుకుని నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. పోనీలే వెళ్ళు, అని ఇతను చెయ్యి ఊపాడు.

తలుపు మూసుకుంది. లోపల ఏమనుకున్నారో వినబడలేదు. అతను కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. పైపులు దగ్గాయి. ఎవరో బల్ల మీద డ్రమ్ము పెట్టిన చప్పుడైంది. తర్వాత, పట్టీ తెరిచిన చప్పుడు, టక్‌మని.

అతను వంగి పొడుగాయన అడుగు తుడిచాడు.